బడి వంటకు చేబదులు ఎవరిస్తున్నారు?

(ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో జరిగిన రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ క్యాంపస్ పక్కనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. పిల్లలకు రోజుకు ఎంత పప్పు, ఎంత ఆకుకూర కావాలో అక్కడ లెక్కగడతారు. ఆ లెక్క ఊళ్లో పిల్లల కంచంలోకి ఎవరి చేతుల మీదుగా చేరుతోందో మనం మాట్లాడుకుందాం.

నాట్లప్పుడు మనం బదులు పోతాం. ఇవాళ మీ మడిలో మేము, రేపు మా మడిలో మీరు. బడి భోజనానికీ ఈ గుణమే ఊపిరి. 1956లో మద్రాసు రాష్ట్రంలో కామరాజ్ ఈ పని మొదలుపెట్టినప్పుడు సర్కారు కొంత పెట్టింది, ఊరి జనం కొంత వేసుకున్నారు. మన దగ్గర, వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక, 2003 జనవరిలో పథకం మొదలైంది. వంట పని పొదుపు సంఘాల అక్కలకు అప్పజెప్పారు.

బియ్యం సర్కారు ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు మాత్రం అక్కలే కొనాలి. బిల్లు తర్వాతెప్పుడో వస్తుంది. అందాకా కిరాణా షాపులో ఖాతా, అది నిండితే మెడలో పుస్తెలు. ఇరుగుపొరుగు నుంచి చేబదులు తెచ్చి పొయ్యి వెలిగించినవాళ్లు ఎందరో ఉన్నారు. దీన్ని పరస్పర సహాయం అని పొగిడితే నేను ఒప్పుకోను. బదులంటే తిరిగి వచ్చేది. ఇక్కడ పేద ఆడవాళ్లు సర్కారుకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నారు. 2009లో కేంద్రం వాళ్లకు నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే. రాష్ట్రం కొంత కలిపినా అది కూలి కిందికి రాదు.

ఇంకో మాట కొందరికి నచ్చకపోవచ్చు. మన పాత సాయాలకు వాడ దాటని జబ్బు ఉండేది. పెళ్లి బంతిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులమే చెప్పేది. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది అందుకే. దళిత అక్క వండితే మా పిల్లలు తినరనే తండ్రి మన సంఘంలో సభ్యుడైతే, ముందు ఆయన ఇంటికి పోయి మాట్లాడాల్సింది మనమే.

ఇక మన పంట సంగతి. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు ఇవ్వాలని లెక్క. అరవై మంది ఉన్న బడికి రోజుకు కిలో రెండు వందల గ్రాముల పప్పు కావాలి. రెండు వందల పనిదినాలకు 240 కిలోలు. ఒకటి రెండు ఎకరాల కంది చాలు. ఆ కందులు ఊళ్లో రైతు తక్కువ ధరకు దళారికి అమ్ముకుంటున్నాడు, అదే ఊరి అక్క ఎక్కువ ధరకు పప్పు కొంటోంది. రోజుకు మూడు కిలోల కూరగాయలదీ ఇదే కథ. మద్దతు ధరకు తగ్గకుండా ఊరి పంటను బడికి తీసుకుని, ఆ డబ్బు నేరుగా రైతుకే చెల్లించాలని అడుగుదాం. అక్కల బాకీ తీర్చకుండా మాత్రం ఆ ఏర్పాటుకు ఒప్పుకోవద్దు. లేకపోతే షాపు ఖాతా పోయి మన ఖాతా వస్తుంది, అంతే తేడా.

వచ్చే మండల సమావేశానికి వచ్చేటప్పుడు మీ ఊరి బడిలో పిల్లలు ఎందరు, వంట ఏజెన్సీకి ఎన్ని నెలల బిల్లు రావాలి అనేవి కాగితం మీద రాసుకుని రండి. ఆ అక్కలను కూడా వెంట తీసుకురండి.