డ్రైవరు లేని బండి ఎవరి దారిన నడుస్తుంది?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల సమావేశంలో బండ్ల గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఇంటి నుంచి పనికి, అక్కణ్ణుంచి రేషన్ షాపుకి, పిల్లల బడికి, అత్తగారి మందులకి ఆసుపత్రికి - స్త్రీల ప్రయాణం ఇలా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఇంటిచాకిరీ ఇంట్లోనే అయిపోదు, రోడ్డు మీద కూడా ఉంటుంది. రోడ్లూ రైళ్ళూ వేసేవాళ్ళ ఊహలో మాత్రం ప్రయాణికుడంటే పొద్దున ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే మగవాడే.

ఇవాళ నేను మాట్లాడేది పత్రికలు 'పాడ్ టాక్సీ' అని రాస్తున్న వ్యవస్థ గురించి. నలుగురైదుగురు పట్టే తేలికపాటి బండి. డ్రైవరు ఉండడు. దానికోసమే కట్టిన సన్నని దారి మీద కంప్యూటర్ అదుపులో నడుస్తుంది. స్టేషన్లు అసలు దారికి పక్కగా ఉంటాయి కాబట్టి ఒక బండి ఆగితే వెనక బండి ఆగనక్కర్లేదు. ఎక్కి, దిగాల్సిన చోటు మీట నొక్కితే మధ్యలో ఎక్కడా ఆగకుండా తీసుకుపోతుంది. బండి తేలిక, అందుకని దాన్ని మోసే వంతెన తేలిక, అందుకని ఖర్చూ తక్కువ అంటారు దీన్ని సమర్థించేవాళ్ళు.

ఈ మాటల్ని యాభై ఏళ్ళ అనుభవంతో పోల్చి చూడవచ్చు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో మోర్గన్‌టౌన్ అని ఒక చిన్న కొండ ఊరు. అక్కడి విశ్వవిద్యాలయం భవనాలు ఊళ్ళో తలో మూలా ఉన్నాయి. విద్యార్థుల బస్సులు ఇరుకు రోడ్లలో చిక్కుకుపోయేవి. సామీ ఎలియాస్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ చొరవతో, కేంద్ర ప్రభుత్వ డబ్బుతో అక్కడ ఇలాంటి బండ్లు వచ్చాయి. 1972 ఎన్నికలకి ముందే ప్రారంభోత్సవం అయిపోవాలని తొందరపెట్టారు. ఆ అక్టోబరులో అధ్యక్షుడు నిక్సన్ కూతురు వచ్చి బండెక్కింది. జనం ఎక్కటానికి మాత్రం 1975 దాకా పట్టింది. ఖర్చు మొదటి అంచనాకి ఎన్నో రెట్లయింది. (మన శంకుస్థాపనలు గుర్తొస్తే నా తప్పు కాదు.)

అక్కడ అయిదు స్టేషన్లు, 70 దాకా బండ్లు ఉన్నాయి. ఎనిమిదిమంది కూర్చుంటే పన్నెండుమంది నిలబడతారు. పేరుకి వ్యక్తిగత వాహనం, నిజానికి చిన్న బస్సు. ఒక కొసన ఊరి నడిబొడ్డు, మరో కొసన ఆసుపత్రి. విద్యార్థి తన గుర్తింపు కార్డుతో ఎక్కుతుంది, కారు కొనుక్కోనక్కర్లేదు. ప్రభుత్వం డబ్బు పెట్టి, జనం తిరిగే చోట వేసింది కాబట్టే ఇన్నేళ్ళు నిలబడిందని నా అభిప్రాయం. అయినా అది మామూలుగా ఆదివారాలు నడవదు, రాత్రి పొద్దుపోయాకా నడవదు. ఆసుపత్రికి ఆదివారం ఉండదు కదా! రాత్రి డ్యూటీ దిగే నర్సు, వార్డు ఊడ్చే మనిషి ఆ సమయ పట్టికలో లేరు.

లండన్‌లో హీత్రూ విమానాశ్రయంలో 2011లో మొదలైనవి సాంకేతికంగా ఇంకా ముచ్చటైనవి. బ్యాటరీతో నడిచే నాలుగు సీట్ల బండ్లు 21, దారి 3.8 కిలోమీటర్లు. అయిదో టెర్మినల్‌నీ, వ్యాపార ప్రయాణికులు కార్లు నిలుపుకునే చోటునీ కలుపుతాయి. అంటే కారున్నవాళ్ళు కారు దగ్గరికి పోవటానికి! మన దేశంలో అమృత్‌సర్‌లో రైల్వేస్టేషన్ నుంచి స్వర్ణదేవాలయానికి ఇలాంటి దారి వేస్తామని అదే 2011లో ప్రకటించారు. కట్టలేదు.

డ్రైవరు లేకపోతే ఆడవాళ్ళకి భయం ఉండదు కదా అని చాలామంది అడుగుతారు. 2012లో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత ఆ ప్రశ్న సహజమే. కానీ కాస్త లోతుగా ఆలోచించండి. తలుపు మూసుకునే ఆఖరి క్షణంలో మన వెనకే ఒక మగవాడు ఎక్కాడనుకోండి. మధ్యలో ఆగకపోవటమే ఆ బండి గొప్పతనం. అదే మనకి ప్రమాదం. సిటీబస్సులో "ఆపండి" అని అరిస్తే కండక్టరు ఉంటుంది, నలుగురు జనం ఉంటారు. ఇక్కడ కెమెరా ఉంటుంది, ఒక మీట ఉంటుంది. మీట నొక్కితే పలికేదెవరు, ఎన్ని నిమిషాల్లో మనిషి వస్తారు? స్టేషన్లలో ఉద్యోగులుంటారా, లేక అక్కడా యంత్రాలేనా? పోనీ, ఒంటరిగానే వెళ్ళే ఏర్పాటు ఉందనుకుందాం. బండిలో భద్రంగా ఉండి, దిగాక చీకటి సందులో నడవాలి. మనం అడుగుతున్నది స్త్రీని పెట్టెలో పెట్టి భద్రంగా చేరవెయ్యమని కాదు, వీధి మాది కూడా అని.

నిజానికి చిన్న బండి మనకి కొత్త కాదు. షేర్ ఆటో అదే కదా! తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకి ఉచిత ప్రయాణం వచ్చింది. అయితే బస్సు మెయిన్ రోడ్డు దాకానే. అక్కణ్ణుంచి బస్తీలోకి మళ్ళీ ఆటో, మళ్ళీ డబ్బులు, లేదా నడక. పాడ్ బండ్లు వస్తే ఆ ముక్కకి రావాలి. ఐటీ కంపెనీ గేటుకీ మెట్రో స్టేషన్‌కీ మధ్య మాత్రమే తిరిగితే, మన రోడ్డు మీద మన నెత్తిమీదుగా పోయే మరొక వంతెన అవుతుంది. ఆటో నడిపే కుటుంబాల బతుకేమిటన్నది కూడా అప్పుడే అడగాలి. స్టీరింగు ఇప్పుడిప్పుడే ఆడవాళ్ళ చేతికొస్తోంది. ఇంతలో స్టీరింగే లేకుండా పోతోంది.

మీ ఊళ్ళో ఇలాంటిది ప్రకటిస్తే సమాచార హక్కు చట్టం కింద ప్రాజెక్టు నివేదిక తీసుకోండి. రంగుల బొమ్మలు వదిలేసి దారి పటం చూడండి, ఏ బస్తీ పక్కనుంచి ఆగకుండా పోతోందో. తర్వాత టికెట్ ధర, మొదటి బండి ఎన్నింటికి, ఆఖరి బండి ఎన్నింటికి. జీరో టికెట్ అందులో చెల్లుతుందా అని రాతపూర్వకంగా అడగండి.