డల్సిమర్ వాద్యకారుల సమ్మేళనం – మనం నేర్వదగినది

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల సంగతి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు సంగతి, నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ సంగతి కార్యదర్శిగారు ఇప్పటికే వివరంగా చెప్పారు. వాటికి నేను చేర్చవలసింది ఏమీ లేదు. నన్ను పావుగంట మాట్లాడమని, విషయం నా ఇష్టానికే వదిలేశారు. అమెరికాలో డల్సిమర్ అనే వాద్యాన్ని వాయించేవారు వారాంతంలో ఒకచోట చేరి జరుపుకునే సమ్మేళనాన్ని గురించి చెబుతాను. చివర ఒక ప్రతిపాదన పెడతాను. నచ్చకపోతే త్రోసిపుచ్చండి. కానీ అది వినకుండా మాత్రం భోజనాలకు లేవకండి.

రెండు వాద్యాలు – ఒకటే పేరు

డల్సిమర్ అనే మాటకు మూలార్థం తీయని స్వరం. ఆ పేరుతో రెండు వాద్యాలున్నాయి. ఒకదానికొకటి చుట్టరికం లేదు.

మొదటిది సుత్తుల డల్సిమర్. పీటలా బల్లపరుపుగా, ఒక వైపు వెడల్పు, ఒక వైపు సన్నంగా ఉంటుంది. దాని మీద తీగలు బిగించి, రెండు చేతులతో చిన్న కర్ర సుత్తులు పట్టుకుని కొడతారు. మనకు తెలిసిన సంతూర్ దీని వంశమే. కాశ్మీరు పాటకాళ్ల దగ్గర ఉండిన సంతూరును శాస్త్రీయ కచేరీలోకి తెచ్చినవారు పండిట్ శివకుమార్ శర్మగారు. 1955లో బొంబాయిలో మొదటి కచేరీ చేసి, 2022లో కాలధర్మం చెందేవరకు ఆ వాద్యాన్ని వదలలేదు. అమెరికాలో మామూలుగా కనిపించే సుత్తుల డల్సిమర్‌లో ఒక వరుసకు 12, ఇంకో వరుసకు 11 స్వరస్థానాలుంటాయి. ఒక్కొక్క స్థానానికి రెండేసి తీగలు. అంటే 46 తీగలు. వాయించే ముందు అన్నింటినీ శ్రుతి చేసుకోవాలి. డల్సిమర్ వాయించేవాడి జీవితంలో సగం శ్రుతి చేయడానికి, మిగతా సగం శ్రుతి తప్పి వాయించడానికి సరిపోతుందని వాళ్లలో వాళ్లే నవ్వుకుంటారు.

రెండవది కొండల డల్సిమర్. అపలాచియన్ పర్వత ప్రాంతానిది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒడిలో అడ్డంగా పెట్టుకుని వాయిస్తారు. మూడో నాలుగో తీగలు, వాటి కింద మెట్లు. జర్మనీ నుండి వలస వచ్చినవారు తెచ్చుకున్న షైట్‌హోల్ట్ అనే వాద్యం నుండి ఇది పుట్టిందంటారు. ఎడమచేత్తో ఒక చిన్న పుల్లను తీగ మీద జరుపుతూ, కుడిచేత్తో ఈకముక్కతో మీటడం పాత పద్ధతి. రాగం ఒక తీగ మీద నడుస్తుంది. మిగిలిన తీగలు ఒకే స్వరం పలుకుతూ ఉంటాయి. మన తంబురా చేసే పనే అది.

సంగీతం తెలిసిన సోదరీమణుల కోసం ఒక్క మాట. వీణకు స్థాయికి 12 మెట్లుంటే, పాత కొండల డల్సిమర్‌కు ఏడే ఉంటాయి. వదిలిన తీగను షడ్జంగా పట్టుకుని వరుసగా మెట్లు పలికిస్తే మన హరికాంభోజి వస్తుంది. మూడవ మెట్టును షడ్జం చేసుకుంటే శంకరాభరణం, మొదటి మెట్టు నుండి నఠభైరవి, నాలుగవ మెట్టు నుండి ఖరహరప్రియ. మనవాళ్లు గ్రహభేదం అని పెద్ద పేరు పెట్టినదాన్ని అక్కడి కొండరైతు పేరు లేకుండానే వాడుకున్నాడు. మెట్లు తక్కువ కనుక అపస్వరానికి చోటు తక్కువ. అందుకే వేళ్లు మొద్దుబారిన వయసులో మొదలుపెట్టినవారు కూడా గంటలో ఒక చిన్న పాట పలికించగలుగుతున్నారు.

పోబోయి నిలిచిన వాద్యం

ఈ కొండల వాద్యం ఒకప్పుడు దాదాపు మరుగున పడింది. కెంటకీ రాష్ట్రం నాట్ కౌంటీలో ఎడ్ థామస్ అనే వడ్రంగి 1871 నుండి దాదాపు 60 ఏళ్ల పాటు వీటిని చేశాడు. వెయ్యికి పైగా చేసి, బండి మీద ఊరూరా తిరిగి అమ్మాడు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేసే సర్వసిద్ధివారిని తలచుకుంటే మనకు ఆ పని విలువ తెలుస్తుంది. చేసేవాడొకడు ఉంటేనే కదా వాయించేవాడుండేది!

అదే కెంటకీలో వైపర్ అనే ఊళ్లో 1922లో జీన్ రిచీ పుట్టింది. పధ్నాలుగురు బిడ్డల్లో కడగొట్టుది. తండ్రికి డల్సిమర్ ఉండేది గాని, పిల్లలు దాన్ని ముట్టుకోకూడదని ఆంక్ష. ఈమె నాలుగైదేళ్ల వయసులోనే దొంగచాటుగా తీసి ఒక పాట పలికించింది. పెద్దయ్యాక సోషల్ వర్క్ చదివి, న్యూయార్కులో పేదల బస్తీలో ఉద్యోగంలో చేరింది. అక్కడి పిల్లలకు ఇంట్లో నేర్చిన పాటలు పాడి వినిపించేది. అలా నలుగురి చెవినా పడింది. ఆలన్ లోమాక్స్ అనే జానపద గేయ సేకర్త ఆమె పాటలు రికార్డు చేశాడు. 1952లో ఫుల్‌బ్రైట్ వేతనం మీద బ్రిటన్, ఐర్లండ్ దేశాలకు వెళ్లి తమ ఇంటి పాటల పుట్టుక వెదికింది. 1963లో డల్సిమర్ మీద పుస్తకం వేసింది. 2015లో చనిపోయేనాటికి దేశం నలుమూలలా ఆ వాద్యం వాయించేవారున్నారు. ఇదంతా ఒక ఇంటి పాటలు ఆ ఇంటి ఆడపిల్లకు గుర్తుండడం వల్ల జరిగింది. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి. నా ప్రతిపాదన దీని మీదనే ఆధారపడి ఉంది.

సుత్తుల డల్సిమర్ కథ మిషిగన్ రాష్ట్రానిది. అక్కడ అడవుల్లో కలప కొట్టేవారి శిబిరాల్లో అది వినిపించేది. కార్ల హెన్రీ ఫోర్డ్‌గారికి పాత నాట్య సంగీతం మీద మక్కువ. 1920లలో ఆయన తన వాద్యబృందంలో డల్సిమర్ వాయించేవాణ్ణి కూడా పెట్టుకున్నాడు. తరువాత అదీ వెనకబడింది. 1963లో కొద్దిమంది కలిసి ‘ఒరిజినల్ డల్సిమర్ ప్లేయర్స్ క్లబ్’ అని సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘమే ఎవర్ట్ అనే చిన్న ఊళ్లో జూలైలో సమ్మేళనం జరుపుతూ వచ్చింది.

ఎవర్ట్‌లో చూసినవి

మా అమ్మాయి, అల్లుడు డెట్రాయిట్ దగ్గర ఉంటారు. 2019 జూలైలో నన్ను, మా ఇంటావిడను అక్కడికి తీసుకువెళ్లారు. కారులో సుమారు మూడు గంటల ప్రయాణం. పశువుల సంతలు, ప్రదర్శనలు జరిగే మైదానం. జనం ఇల్లులాంటి బండ్లు తెచ్చుకుని అక్కడే బస. ఎక్కడ చెట్టు నీడ ఉంటే అక్కడ మడత కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. చూద్దును కదా, నూటికి డెబ్బై తలలు మన తలల్లాగే తెల్లగా ఉన్నాయి!

వాళ్ల నియమం ఒకటి నాకు చాలా నచ్చింది. వాద్యాలకు కరెంటు తగిలించకూడదు. అందుచేత ఒక చెట్టు కింద వాయించేది పక్క చెట్టు కింద వారికి అడ్డం కాదు. ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. తెలిసినవాళ్లు అందుకుంటారు. తెలియనివాళ్లు రెండు ఆవృత్తాలు విని, మూడోసారి మెల్లగా కలుస్తారు. అదే పాట పది సార్లు తిరుగుతుంది. అయిదోసారికి కొత్తవాడు కూడా పట్టుకుంటాడు. కొత్తవారికని నెమ్మదిగా వాయించే గుంపు వేరే ఉంది. వచ్చినవారే ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటారు. ఉదయం నేర్పినవాడు మధ్యాహ్నం ఇంకొకరి దగ్గర విద్యార్థి.

పోస్టాఫీసులో పని చేసి రిటైరైన ఒక పెద్దావిడ తన వాద్యం నా ఒడిలో పెట్టి మీటమంది. భర్త పోయిన ఏడాది, 68వ ఏట నేర్చుకోవడం మొదలుపెట్టిందట. ఆదివారాలు గడవక మొదలుపెట్టానని, ఇప్పుడు ఆదివారం చాలడం లేదని చెప్పింది. ఇక్కడ కూర్చున్న వారిలో ఆ మాట అర్థం కానివారుండరు.

సాయంత్రం ‘అమేజింగ్ గ్రేస్’ అనే పాట ఎత్తుకున్నారు. దాని స్వరాలు అచ్చంగా మన మోహనవి. మా ఇంటావిడ పక్కనే కూర్చుని గొంతులో సన్నగా ఏదో అనుకుంటోంది. వాళ్లు విని పైకి పాడమన్నారు. ఆమె కొంచెం సిగ్గుపడి, తరువాత ఒక నలుగు పాట పాడింది. భాష తెలియకపోయినా వాళ్లు కింద శ్రుతి పట్టారు. పాట అయ్యాక ఇలాంటివి ఎన్ని వచ్చునని అడిగారు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. నలుగు పాటలు, మంగళహారతులు, అప్పగింత పాటలు, ఉయ్యాల పాటలు, వాళ్ల అమ్మ పాడే ఊడ్పు పాటలు, అన్నీ కలిపి అరవైకి పైగా తేలాయి. మా అమ్మాయి నోరు తెరిచి చూస్తోంది. ఆ పాటల్లో నాలుగైదు తప్ప ఆ పిల్ల ఎన్నడూ వినలేదు. వినే సందర్భం రాలేదు. దాని పెళ్లి నాటికే నలుగు దగ్గర క్యాసెట్టు పెట్టే రోజులు వచ్చాయి.

ఇప్పుడు మా ఇంటావిడకు 77 ఏళ్లు. అరవై పాటల్లో చాలావాటికి పల్లవి, మొదటి చరణం మాత్రమే జ్ఞాపకం వస్తున్నాయి. రెండో చరణం దగ్గర ఆగిపోతుంది. నేను అందించలేను, నాకు రావు కనుక. అందించగలిగినవారు ఆమె ఈడు ఆడవాళ్లే. వాళ్లు ఈ హాలులోనే, ఆ చివరి వరుసల్లో కూర్చుని ఉన్నారు.

నా ప్రతిపాదన

మన దగ్గర సేకరణ జరగలేదని కాదు. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు 1950లలోనే తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. నేదునూరి గంగాధరంగారు ఊళ్లు తిరిగి పాటలు పోగుచేశారు. అవి అచ్చులో ఉన్నాయి, సంతోషం. కానీ అచ్చులో మాట ఉంటుంది, వరుస ఉండదు. వరుస గొంతులో ఉంటుంది. మన సంఘం పత్రికలో ప్రతి సంచికలోనూ శ్రద్ధాంజలి పేజీ ఉంటుంది. ఆ పేజీలో ఒక పేరు చేరినప్పుడల్లా కొన్ని వరుసలు కూడా వెళ్లిపోతున్నాయి.

వాద్యాల విషయమూ అంతే. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చాక గాని మనలో చాలామందికి కిన్నెర అనేది ఒకటుందని తెలియలేదు. మన సభ్యుల ఇళ్లలో అటకల మీద తంబురాలు, హార్మోనియాలు, చిడతలు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్క తీయలేదు.

కనుక నేను కోరేది ఇది. ఏడాదికి ఒక శని, ఆదివారాలు మన సంఘ భవనాన్ని పాటలకు ఇవ్వండి. నియమాలు నాలుగు చాలు.

ఒకటి, మైకు వద్దు. గుండ్రంగా కూర్చుందాం.

రెండు, ముఖ్య అతిథి, శాలువాలు, బహుమతులు, న్యాయనిర్ణేతలు వద్దు. పోటీ అంటే పాడగలిగినవారిలో సగంమంది ఇంట్లోనే ఉండిపోతారు.

మూడు, ప్రతి పాటా కనీసం అయిదుసార్లు తిరగాలి. మనవలు, మనవరాళ్లు వచ్చి కలవాలి. వారి సెల్‌ఫోన్లు రికార్డు చేయడానికి పనికొస్తాయి.

నాలుగు, పాట ఎవరిది, ఏ ఊరిది, ఏ సందర్భంలో పాడతారు అనేది ఒక రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరు పని నేను చేస్తాను. 34 ఏళ్లు పద్దులు రాసిన చెయ్యి ఇది.

దీనికి రెండు అభ్యంతరాలు నా చెవిన పడ్డాయి. మొదటిది, శని, ఆదివారాల్లో హాలు పెళ్లిళ్లకు అద్దెకు పోతుంది, ఆ ఆదాయం పోతుందని. న్యాయమైన మాటే. అందుకే ఆషాఢ మాసంలో పెట్టమంటున్నాను. ఆ నెల పెళ్లిళ్లు లేవు, హాలు ఖాళీగా ఉంటుంది. రెండవది, సంఘం పుట్టింది పెన్షనరు హక్కుల కోసం గాని పాటల కోసం కాదని. అదీ నిజమే. హక్కుల పోరాటం ఆపమని నేననను. అయితే బకాయిలు ఇవాళ కాకపోతే వచ్చే ఏడాదైనా వస్తాయి. మనం లేకపోతే మన వారసులకైనా వస్తాయి. పాటకు ఆ వెసులుబాటు లేదు. దానికి నామినీ కాలమ్ ఉండదు. బతికుండగా చేతులు మారితేనే మారినట్లు.

ఈ విషయాన్ని వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో చేర్చవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను. ఈలోగా చివరి వరుసల్లోని అక్కయ్యలకు, చెల్లెమ్మలకు ఒక మనవి. మీకు వచ్చిన పాటల పేర్లు ఒక కాగితం మీద రాసి, భోజనాల దగ్గర నాకివ్వండి. పూర్తిగా గుర్తులేకపోయినా ఫరవాలేదు, పల్లవి చాలు. మిగతా చరణం మీ పక్క కుర్చీలో ఉన్నావిడకు వచ్చేమో చూద్దాం.

నాకిచ్చిన పావుగంట దాటింది.  సెలవు.