తీజ్ పండుగయు తద్దినోములును



శ్రావణమాసము వచ్చినంతనే లింగాల పరిసరములలో రెండు విధములైన పాటలు వినవచ్చును. ఊరి యిండ్లలో లక్ష్మీగౌరుల మంగళహారతులు. ఊరి వెలుపలి తండాలలో లంబాడా కన్యల తీజ్ పాటలు. ఊరివారిలో పలువురు రెండవదానిని పరాయివారి వేడుకగా తలంతురు. ఆ తలంపు సరికాదు.

మొదట పేరు చూడవలెను. సంస్కృతమునందలి తృతీయ యను తిథియే ఉత్తరదేశ భాషలలో తీజ్ అయినది. ఆ పదమే తెలుగున తదియ యై, స్త్రీల నోట తద్ది యయ్యెను. భాద్రపద బహుళ తదియనాటి ఉండ్రాళ్ళ తద్ది, ఆశ్వయుజ బహుళ తదియనాటి అట్ల తద్ది ఎల్లవారెరిగినవే. రాజస్థానమున శ్రావణ శుద్ధ తదియనాడు హరియాలీ తీజ్ జరుపుదురు. ఎద్దులమీద ధాన్యమును, ఉప్పును మోయించుకొనుచు దక్కనునకు దిగివచ్చిన బంజారాలు ఆ పేరును వెంట తెచ్చుకొనిరి. తిథి మాత్రము దారిలో జారిపోయినది. తండాలలో ఈ పండుగ ఒక్క తదియకు కట్టుబడినది కాదు. నాయకుని అనుమతి గైకొని తొమ్మిది దినములు జరుపుదురు. పంచాంగము ముందిడుకొని లెక్క చూచువారికిది కుదరదు. పాడువారికి కుదిరినది, అంతే చాలును.

పెండ్లికాని బాలికలే ఈ వ్రతమునకు అధికారిణులు. చిన్న బుట్టలలో పుట్టమన్నును, మేకల యెరువును కలిపి నింపి, నానిన గోధుమలను చల్లుదురు. గోధుమ యీ ప్రాంతపు ముఖ్యపంట కాదు. జొన్నరొట్టె తినువారి యింట గోధుమ మొలకను పూజించుటలో ఎన్ని తరాల వెనుకటి నేల జ్ఞాపకమున్నదో యోచింపదగును. బుట్టలను మంచె మీద నుంచి, ప్రతిదినము బిందెలతో నీరు తెచ్చి, పాడుచు పోయుదురు. మొలక పచ్చగా, ఏపుగా పెరిగిన మంచి వరుడు లభించునని నమ్మకము.

ఈ తొమ్మిదినాళ్ళలో బోరడి యను వేడుక యొకటి కలదు. రేగుకొమ్మ ముండ్లకు బాలికలు నానిన శనగలను గుచ్చవలెను. వరుసకు బావలైనవారు ఆ కొమ్మను కదిలించి ఆటపట్టింతురు. ముల్లు వ్రేలికి గుచ్చుకొనినను బాలిక కొమ్మ విడువరాదు. ఊరిలో శ్రావణ మంగళవారములందు మంగళగౌరీవ్రతము పట్టిన క్రొత్త పెండ్లికూతురు ముత్తైదువలకు వాయనమిచ్చునదియు నానిన శనగలే. ఒకచోట ఒడిలో, ఒకచోట ముంటిపై, శనగ యొక్కటే. ఊరి వ్రతకథలో సుశీల అల్పాయుష్కుడైన భర్తను గౌరీకటాక్షముచే కాపాడుకొనును. తండాలో మట్టితో స్త్రీపురుష ప్రతిమలు చేసి గణగోర్ అందురు. ఆ పేరిలోనిదియు గౌరియే.

ఇక గౌరి కథ యేమి? తండ్రియైన హిమవంతుడు విష్ణువున కీయదలచెననియు, పార్వతి యందుల కిష్టపడక యుండగా చెలికత్తె యామెను అడవికి తోడ్కొనిపోయెననియు హరితాళికావ్రతకథ చెప్పుచున్నది. చెలిచే హరింపబడుట చేతనే హరితాళిక యను పేరు. కాళిదాసు కుమారసంభవము ఐదవసర్గలో ఆమె రాలిన ఆకును సైతము తినుట మాని అపర్ణ యయ్యెను. పోతన భాగవతమున రుక్మిణి, అన్న రుక్మి శిశుపాలునకు నిశ్చయించిన వేళ, గౌరీగుడికి పోయి మ్రొక్కుకొనినది కృష్ణుని కొరకు. నోములన్నింటికిని మూలమైన ఈ స్త్రీలు పెద్దలు చూపినవానికి తల వంచినవారు కారు. కోరినవానిని తామే కోరుకొనినవారు. నోము నోయించు పెద్దలు కథను మాత్రము చెవిని బెట్టరు, ఇది వింత.

పెండ్లియైన బాలికకు బుట్టలో విత్తనము చల్లు అధికారము పోవును. పదునాలుగు, పదునైదేండ్లకే పెండ్లి చేసిన యింట ఆ పిల్లకు తీజ్ రెండుమూడేండ్లలో ముగిసిపోవును. వరుని కోరుట యెట్టిదో తెలియకయే వరుడు వచ్చును. 1978లో చట్టము సవరింపబడి కన్యకు 18 ఏండ్లు కనీస వయస్సుగా నిర్ణయింపబడెను. 2006 నాటి చట్టము, బాల్యమున జరిగిన పెండ్లిని రద్దు చేయించుకొను హక్కును గూడ నొసగినది. అయినను ఊళ్ళలో గాని తండాలలో గాని అట్టి పెండ్లిండ్లు పూర్తిగా ఆగలేదు. ఇందు ఊరు తండాను వేలెత్తి చూపుటకు వీలు లేదు. గౌరికి దీపము పెట్టిన చేతులే లగ్నపత్రిక వ్రాయించుచున్నవి. చేనిలో అరకొరగా ఎదిగిన పైరును కోయుమనిన రైతు ఒప్పుకొనడు, ఇంటిలో ఒప్పుకొనుచున్నాడు.

తొమ్మిదవనాడు బుట్టలను దింపుదురు. అప్పటిదాక ఆడిపాడిన బాలికలు ఒకరి నొకరు కౌగిలించుకొని ఏడ్తురు. తరువాతి శ్రావణమునకు ఎవరు తండాలో నుందురో, ఎవరు అత్తవారింట నుందురో వారికి తెలియదు. అన్నదమ్ములు చెల్లెండ్ర పాదములు కడుగుదురు. బాలికలు మొలకలను పెరికి కొన్నింటిని అన్నల తలపాగలలో చెక్కుదురు. మిగిలినవానిని పాడుకొనుచు మోసికొనిపోయి నీటిలో విడుతురు.