మొహల్లా చరిత్ర మన పిల్లలకు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా జల్సాలు జరుపుతున్నాం, సంతోషమే. కాని 1908 సెప్టెంబరు 28న మూసీ ఈ హైదరాబాదు షహర్‌ను ఎట్లా ముంచిందో మన పిల్లల్లో ఎందరికి తెలుసు? సుమారు 15 వేల మంది పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికిపోయారు. హిందువా, ముసల్మానా అని ఆ చెట్టు అడగలేదు. ఉస్మానియా దవాఖానా ఆవరణలో అది ఇప్పటికీ ఉన్నది. మందుల చీటీ పట్టుకొని దాని పక్కనుంచే పోతుంటాం, తలెత్తి చూడం!

ఆ వరద తరువాతనే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారైనవి. చెరువులు కట్టి నది పొంగును ఆపారు సరే, మరి 2020 అక్టోబరులో పాతబస్తీ ఇళ్ళల్లోకి నీళ్ళెందుకు వచ్చినట్టు? నాలా ఎక్కడ పారేదో, కుంట ఎక్కడుండేదో ముసలివాళ్ళకు తెలుసు. వాళ్ళను మనం అడగం.

అందుకే నెలకొక మొహల్లాలో బైఠక్ పెట్టి పెద్దలచేత చెప్పిద్దాం, రాసుకుందాం. ఉర్దూ పంతుళ్ళమైనా మేమే అంటున్నాం, తెలుగులో కూడా రాయాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ చదవలేని పిల్లలు మనలోనే ఉన్నారు గదా!

మొదటి బైఠక్ ఆ చింతచెట్టు దగ్గరనే పెడదాం. షామియానా అక్కరలేదు, చాయ్ ఖర్చు చాలు.