మన పిల్లల సంగీత పత్రిక



మన విద్యార్థులు స్వహస్తములతో వ్రాసి కుట్టిన సంగీత పత్రికను మీ ముందుంచుచున్నాము. ఇది సంప్రదాయము నెంతవరకు పాటించినది, ఎచ్చట దాటినది అను విషయమును మాత్రము ముచ్చటింతుము.

సంగీత గ్రంథములకు ఒక కట్టుబాటు కలదు. 1904లో ఎట్టయపురమునుండి సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో వెలువరించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో రాగలక్షణము, తాళము, స్వరములు, వాని క్రింద సాహిత్యము వరుసగా నున్నవి. 1935లో హాథ్రస్‌నుండి బయలుదేరిన 'సంగీత్' అను హిందీ మాసపత్రికయు స్వరలిపిని పాఠకుల యిండ్లకు చేర్చినది. మన పిల్లలు ఈ పద్ధతిని విడువలేదు. ప్రతి పాటకు తాళము గుర్తించిరి. తెలిసినంతవరకు స్వరములు వ్రాసిరి.

అయితే కర్త పేరుండవలసిన చోట "మా అవ్వ పాడినది" అని యున్నది. ముఖపత్రమున విద్వాంసుని చిత్రమునకు బదులు మగ్గమును గీసిరి. తెలుగు పాట ప్రక్కనే మరాఠీ అభంగమును చేర్చిరి. ఒక బతుకమ్మ పాటకు రాగమేదో తెలియక ఆ గడిని ఖాళీగా నుంచిరి, కల్పించి వ్రాయలేదు. అది లోపమని కొందరనిరి. మాకది సత్యసంధతగా తోచినది.

తెలంగాణమునుండి ఈ షోలాపురపు పేటలకు వచ్చిన మన పెద్దలు పాటలను కంఠముననే తెచ్చిరి, కాగితముపై పెట్టలేదు. అవ్వలు గతించిన పిమ్మట అడుగుట కెవరుందురు? కావున మా మనవి యొక్కటే. పిల్లవాడు కలము పట్టి కూర్చున్న రాత్రి, క్షణకాలము మగ్గమాపి ఒక పాట చెప్పుడు. ఖాళీ గడిని పిదప నింపుకొందము.