తక్కెడ సరైనదేనా?

(మన సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఇచ్చే ఉపకార వేతనాల వల్ల పిల్లల్లో ఆత్మగౌరవం పెరిగిందా అని పోయిన ఏడు ఒక దాత అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఫీజు కట్టినదానికి రసీదు చూపగలం, పిల్లల మనసుకు రసీదు ఎక్కడ తేగలం? అందుకని కాణిపాకం చుట్టుపక్కల పనిచేసే ఉపాధ్యాయులం కొందరం ఒక ప్రశ్నావళి ప్రయత్నించి చూశాం.

ఈ పనికి ఎక్కువగా వాడేది అమెరికా సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన ప్రశ్నావళి. అందులో పది వాక్యాలు. ఐదు తనను మెచ్చుకునేవి, ఐదు తక్కువ చేసుకునేవి. ఎంతవరకు ఒప్పుకుంటారో గుర్తు పెట్టాలి. న్యూయార్క్ రాష్ట్ర హైస్కూలు పిల్లల కోసం తయారైన ఈ తక్కెడ మన పిల్లలకు పనికొస్తుందా?

బి.ఇడి.లో రెండు మాటలు చదివాం: విశ్వసనీయత, సప్రమాణత. ఒకే మూటను ఎన్నిసార్లు తూచినా ఒకే బరువు చూపడం విశ్వసనీయత. కానీ కిలో రాయి అరిగి 900 గ్రాములైతే? ప్రతిసారీ ఒకే లెక్క, ప్రతిసారీ తప్పే. కొలవాల్సిందాన్నే సరిగ్గా కొలవడం సప్రమాణత. తూకంలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ ఖుర్ఆన్‌లో 'ముతఫ్ఫిఫీన్' అనే సూరానే ఉంది. పిల్లల మనసును తూచేవారికి ఆ భయం ఇంకా ఎక్కువ ఉండాలి.

రెండు వారాల ఎడంతో అదే పిల్లలకు రెండుసార్లు ఇచ్చాం. కొందరి జవాబులు బాగా మారిపోయాయి. మొదటిసారి ఇచ్చింది పరీక్ష పేపర్లు దిద్ది పంచిన రోజు! తప్పు మాదే.

గర్వపడదగింది తనలో పెద్దగా లేదనే అర్థంతో ఒక వాక్యం ఉంది. క్లాసులో ముందుండే అమ్మాయి దానికి 'పూర్తిగా ఒప్పుకుంటాను' అని గుర్తు పెట్టింది. ఎందుకమ్మా అంటే, "గర్వపడకూడదని దాదీ చెప్పింది కదా సార్!" అంది. ఆ పిల్ల వినయం మా లెక్కలో లోపమైంది. తెలుగులో గర్వం అంటే అహంకారం కూడా. పైగా ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. 53 దేశాల్లో ఈ ప్రశ్నావళిని పరీక్షించి 2005లో ప్రచురించిన అధ్యయనం కూడా, తనను తక్కువ చేసుకునే వాక్యాలను అన్నిచోట్లా ఒకేలా అర్థం చేసుకోరని చెప్పింది.

ఇంకొకటి. కాణిపాకం అంటే మన జిల్లాలో సత్యప్రమాణానికి పేరు. పిల్లలతో ప్రమాణం చేయించనక్కరలేదు, భయం లేకపోతే నిజమే చెబుతారు. కాగితం ఇచ్చేది ఉపకార వేతనం ఇచ్చేవారేనని తెలిస్తే మాత్రం, ఏ జవాబుకు డబ్బు వస్తుందా అని చూస్తారు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల అవసరం.

కాబట్టి మా మనవి మూడు మాటలు. కాగితం మీద పేరు రాయించవద్దు. ఆ మార్కులు చూసి ఎవరికీ సాయం ఇవ్వవద్దు, ఆపవద్దు. ప్రతి వాక్యాన్ని ముందు కొందరు పిల్లలకు చదివి వినిపించి, ఏమర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకుందాం. దాంతోపాటు క్లాసులో లేచి సందేహం అడుగుతున్నారా, బడి మానకుండా వస్తున్నారా అన్నది ఉపాధ్యాయులు గమనించి రాయాలి. రెండూ పొసగితేనే ఆ కొలతను నమ్ముదాం.

ఆ దాతగారికి ఈ ఏడు చూపడానికి మా దగ్గర అంకె లేదు. అరిగిన రాయితో తూచిన అంకె ఇవ్వడం కన్నా ఈ మాట చెప్పడమే అమానత్ అనుకున్నాం. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.