దక్షిణానికి తిరిగిన క్షేత్రం



మన నేల మీంచి సూర్యుడి వైపు సుమారు 60 వేల కిలోమీటర్లు పోతే భూమి అయస్కాంత క్షేత్రానికి పొలిమేర వస్తుంది. సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి నుంచి బయలుదేరి వచ్చే సౌరపవనం, దాన్ని దాటలేక చాలావరకు పక్కలకు మళ్ళిపోతుంది. 1931లో చాప్‌మన్, ఫెరారో ఈ పొలిమేరను లెక్కగట్టారు. కానీ వాళ్ల లెక్కలో లోపలికి దారి లేదు. మరి అయస్కాంత తుఫానులకు, ధ్రువకాంతులకు అంత శక్తి ఎలా చేరుతోంది?

కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ హోయల్ తన శిష్యుడు జేమ్స్ డంజీకి అప్పగించిన సమస్య ఈ ధ్రువకాంతులదే. దానికి జవాబుగా డంజీ 1961లో అచ్చువేసిన వ్యాసం రెండే పేజీలు. పగటివైపు పొలిమేరలో భూమి బలరేఖలు ఉత్తరానికి చూస్తుంటాయి. సౌరపవనం మోసుకొచ్చే క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే రెండూ ఎదురుబొదురవుతాయి. అప్పుడు ఓ పలుచని పొరలో ఇటు రేఖా అటు రేఖా తెగి, ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ఇదే అయస్కాంత పునస్సంధానం. అలా అతికిన రేఖకు ఒక కొస ధ్రువం దగ్గర నేలలో ఉంటుంది, రెండోది సౌరపవనంలో. పవనం దాన్ని ధ్రువం మీదుగా రాత్రివైపుకి ఈడ్చుకుపోతుంది. అక్కడ మళ్ళీ తెగి, మళ్ళీ అతుకుతుంది. బలరేఖ మనం గీసుకున్న గీతే కావచ్చు, దాని వెంట పరుగెత్తే ఎలక్ట్రాన్లు మాత్రం నిజం.

ఎంత ధైర్యమైన ఊహ! నమ్మకం కుదరడానికి ఏళ్లు పట్టింది. క్షేత్రం దక్షిణానికి తిరిగినప్పుడే నేలమీది పరికరాల్లో అలజడి రేగుతోందని 1966లో ఫెయిర్‌ఫీల్డ్, కాహిల్ చూపించారు. 1979లో పాష్‌మన్ బృందం, జంట ఉపగ్రహాల కొలతల్లో, పొలిమేర వెంట దూసుకుపోతున్న ప్లాస్మా ధారల్ని గుర్తించింది.

అయినా రేఖలు తెగే చోటు చేతికి చిక్కలేదు. దాని మందం కొద్ది కిలోమీటర్లే. ఉపగ్రహం రెప్పపాటులో దాటేస్తుంది. అందుకే నాసా 2015 మార్చిలో నాలుగు ఉపగ్రహాలను ఒక్కసారే పంపింది. 30 మిల్లీసెకన్లకోసారి ఎలక్ట్రాన్లను కొలిచే పరికరాలు వాటిలో ఉన్నాయి. ఆ అక్టోబరు 16న, ఒకదానికొకటి సుమారు 10 కిలోమీటర్ల ఎడంలో, అవి సరిగ్గా ఆ చోటు గుండా సాగాయి. ఎలక్ట్రాన్ల వేగాలను బొమ్మగా గీస్తే, రేఖలు అక్కడే తెగుతున్నాయనడానికి గుర్తుగా, నెలవంక ఆకారం వచ్చింది. అది చూడ్డానికి డంజీ లేరు. ఆ మే నెలలోనే కన్నుమూశారు.

2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లోనూ అయస్కాంతమాపకం ఉంది. భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరాన, వస్తున్న సౌరపవనంలో క్షేత్రం ఉత్తరానికుందా, దక్షిణానికుందా అని అది కొలుస్తుంది. ఆ పవనం మన పొలిమేరను తాకేది సుమారు గంట తర్వాత.